కొండ మీద తోటకు వాన నీళ్లు దాచుకోవడం ఎలా

పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల, అనంతగిరి, అరకు వైపు కొండల మీద కాఫీయో మిరియాలో అల్లమో వేసుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బోరు బండి ఎక్కలేని చోటు, కరెంటు లేని చోటు, రోడ్డు దిగి గంటసేపు నడిస్తే గానీ చేరుకోలేని తోట మీదైతే ఇది మీకే. కింద గెడ్డ (వాగు) కనిపిస్తూనే ఉంటుంది కానీ, బిందెలతో మోసుకొచ్చి వందల మొక్కలకు పోయడం రెండు వారాలు చేస్తే మూడో వారానికి మనిషి మంచాన పడతాడు.

మన ఏజెన్సీలో వానకు లోటేమీ లేదు. ఏడాదికి 1,200 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే. ఆ తర్వాత తుఫాను వస్తే వస్తుంది, లేకపోతే లేదు. డిసెంబరు నుంచి మే దాకా కొండ ఎండిపోతుంది, మార్చి, ఏప్రిల్ నెలల్లో పడే ఒకటి రెండు జల్లుల మీదే అందరి ఆశ. లేత మొక్క చచ్చిపోయేది ఈ నెలల్లోనే. కాబట్టి మన పని సెప్టెంబరులో ఉన్న నీళ్లను మే దాకా నిలబెట్టడం.

ఇక్కడే గంజాయి సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే మారుమూల కొండ మీద నీళ్లు దాచడం అనగానే కొందరికి అదే గుర్తొస్తుంది. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో ఇదే ఏజెన్సీలో వేల ఎకరాల గంజాయి పీకి తగలబెట్టారు. ఆ సాగుకు చట్టంలో 10 ఏళ్ల దాకా కఠిన జైలు శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి, చివరికి ఇరుక్కునేది కొనేవాడు కాదు, కొండ మీద మొక్క వేసిన మన పిల్లాడే. ఆ పంటకు నేను దారి చెప్పను. దాన్ని వదిలి కాఫీ, మిరియాలు, సిల్వర్ ఓక్ పెట్టుకున్నవాళ్ల మొక్కలు మొదటి వేసవిలో ఎండిపోకుండా బతకాలి, నా తాపత్రయం అంతా దాని గురించే.

ముందు లెక్క చూసుకోండి, తవ్వకం తర్వాత. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. ఇదొక్కటి గుర్తుంటే మిగతాదంతా గుణకారమే. రేకుల కప్పు మీద పడిన నీళ్లలో నూటికి 85 పాళ్లు మన చేతికి వస్తాయి, పెంకుటింటి మీదైతే ఇంకొంచెం తక్కువ, ఉత్త నేల మీదైతే బాగా తక్కువ, పైగా బురదతో వస్తాయి. మీ తోటలో వాన ఎంత పడుతోందో తెలుసుకోవాలంటే నిట్టనిలువు గోడలున్న డబ్బా ఒకటి చెట్టు నీడ లేని చోట పెట్టి, రోజూ పొద్దున్నే స్కేలుతో కొలిచి పుస్తకంలో రాసుకుంటే చాలు. మండలం లెక్క వేరు, మీ కొండ మలుపు లెక్క వేరు. ఒకే కొండకు గాలి వైపు ఒక వాన, అవతలి వైపు ఇంకో వాన పడుతుంది.

ఇక నీళ్ల ఖర్చు లెక్క. మొదటి ఏడాది కాఫీ మొక్కకు, మొదలు చుట్టూ ఆకులు మందంగా పరిచి ఉంటే, పది రోజులకోసారి రెండు లీటర్లు పోస్తే వేసవి గట్టెక్కుతుంది. జనవరి నుంచి మే సగం దాకా అంటే 14 తడులు, మొక్కకు 28 లీటర్లు. 700 మొక్కలకు 20 వేల లీటర్ల దగ్గర పడుతుంది. నర్సరీ పెట్టుకునేవాళ్లకైతే ఇంకా టెన్షన్, ఎందుకంటే కాఫీ గింజలు చల్లేది డిసెంబరు, జనవరిలో, సంచుల్లోకి మార్చేది ఫిబ్రవరి, మార్చిలో, సరిగ్గా నీళ్లు లేని రోజుల్లోనే మొక్కకు నీళ్లు కావాలి. కాపుకొచ్చిన కాఫీకి మాత్రం ఈ నీళ్లతో పూతతడి ఇవ్వాలని చూడకండి. పూతకు కనీసం 25 మిల్లీమీటర్ల జల్లు కావాలి, ఎకరం మీద అంత తడి అంటే లక్ష లీటర్లు. చిన్న గుంటతో అయ్యే పని కాదది, ఆ తడి ఆకాశం నుంచే రావాలి. గుంట నీళ్లు లేత మొక్కలకు, నర్సరీకి, మిరియం తీగలకు, ఇంటి ముందు నాలుగు కూరగాయ మడులకు ఉంచుకోండి.

నీళ్లు దాచడానికి నాకు తెలిసినంతలో కొండకు బాగా నప్పేది ప్లాస్టిక్ షీటు పరిచిన గుంట. సింటెక్స్ ట్యాంకు మంచిదే, కానీ పెద్ద ట్యాంకును కాలిబాటన మోయించడానికి అయ్యే కూలి, దాని ధర కలిపితే లీటరుకు పడే ఖర్చు గుంట కంటే చాలా ఎక్కువ. షీటు అయితే చుట్ట చుట్టి కావిడి మీద వేసుకుని పోవచ్చు. మేఘాలయలో బరపానీ దగ్గరున్న ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) కేంద్రం వాళ్లు కొండ రైతుల కోసం ఇలాంటి గుంటనే రూపొందించి జల్‌కుండ్ అని పేరు పెట్టారు. అయిదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు, 30 వేల లీటర్లు. మన కొండల్లో నేల జారే గుణం ఉంటుంది కాబట్టి నేను గోడలను నిట్టనిలువుగా కాకుండా కాస్త వాలుగా తవ్వమంటాను. పైన 5 మీటర్లు, 4 మీటర్లు ఉంటే అడుగున 4.4, 3.4 ఉండేలా. అలా తవ్వి పైన అర అడుగు ఖాళీ వదిలితే 23 వేల లీటర్లు పడతాయి, మన 700 మొక్కలకు సరిపోతుంది.

చోటు ఎంచుకోవడంలో తొందరపడకండి. గుంట తోటకు పై అంచున ఉండాలి, అప్పుడే నీళ్లు వాటంతట అవే దిగుతాయి. కానీ 23 వేల లీటర్లంటే 23 టన్నుల బరువు, అది కొండ మీద కూర్చుంటుంది. కాబట్టి ఇంటికి గానీ, పశువుల పాకకు గానీ నేరుగా పైన వద్దు. పాత జారుడు కనిపించే చోట, చెట్లన్నీ ఒక పక్కకు ఒరిగి ఉన్న చోట, వానాకాలంలో ఊట పుట్టే చోట అసలే వద్దు, అడుగు నుంచి ఊట వస్తే షీటును పైకి తన్నేస్తుంది. పనస, మామిడి లాంటి పెద్ద చెట్టు కింద అయితే వేళ్లు షీటును పొడుస్తాయి, రాలిన ఆకులు కుళ్లి నీళ్లు నల్లబడతాయి. కొండ వాలులో కొంచెం చదునుగా మెట్టు లాగా ఉన్న జాగా దొరికితే అదే మంచిది. గుంట మొత్తం తవ్విన గట్టి నేలలోనే ఉండాలి. తవ్వి పోసిన మట్టి మీద నీళ్లు నిలబెట్టాలని చూస్తే మొదటి తుఫానుకే గట్టు తెగుతుంది.

తవ్వకం ఫిబ్రవరి, మార్చిలో మొదలుపెడితే మే చివరికి షీటు పడిపోవాలి. మట్టి మెత్తగా ఉండే జనవరిలో ఇంకా సులువు కానీ అప్పుడు అందరూ కాఫీ పండ్లు కోసే పనిలో ఉంటారు. గుంట అయ్యాక లోపలికి దిగి చేత్తో తడమండి, చూసి ఊరుకోవద్దు, అరచేత్తో గోడంతా నిమరండి. వేలికి తగిలే ప్రతి రాతి మొన, కోసిన ప్రతి వేరు ముక్క రేపు షీటుకు చిల్లు పెట్టేదే. వేర్లను గోడ లోపలికి పోయేదాకా కత్తితో చెక్కి, గుంతలను తడిమట్టితో పూడ్చి, అయిదు పాళ్ల బంకమట్టికి ఒక పాలు పేడ కలిపి గోడలకూ అడుగుకూ మెత్తగా అలకండి. ఇంట్లో అరుగు అలికినంత శ్రద్ధగా. అది ఆరాక రెండు మూడు అంగుళాల మందాన ఎండుగడ్డి పరిస్తే అదే షీటుకు పరుపు. మేఘాలయలో పైన్ ఆకులు వాడతారు, మనకు వరిగడ్డి, సిల్వర్ ఓక్ ఎండుటాకులు ఉన్నాయి. పుల్లలు మాత్రం ఏరేయాలి.

షీటు సంగతి. నీలిరంగు టార్పాలిన్ తెచ్చి పరిస్తే ఒక వేసవికే ఎండకు పొడిపొడి అవుతుంది, ఆ డబ్బు దండగ. ఎండను తట్టుకునే సిల్పాలిన్ షీటు, 200 జీఎస్‌ఎంకు (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు అని) తగ్గకుండా, వీలైతే 250 తీసుకోండి. పైన చెప్పిన గుంటకు 9 మీటర్లు, 8 మీటర్లు కావాలి, అతుకు లేకుండా ఒకే ముక్క. కొలత ఎలా వచ్చిందంటే గుంట అడుగు భాగం పొడవు, దానికి రెండు గోడల ఎత్తు, ఆపైన రెండు వైపులా అంచున పాతడానికి అర మీటరు చొప్పున, మిగతాది వదులుకు. పరిచేటప్పుడు చెప్పులు విప్పి దిగండి. షీటును బిగుతుగా లాగొద్దు, వదులుగా ఉంటే నీటి బరువుకు అదే సర్దుకుంటుంది, బిగించి లాగితే మూలల దగ్గర చిరుగుతుంది. మూలల్లో మిగిలిన షీటును కోయకుండా కవరు మడిచినట్టు మడవండి. గుంట చుట్టూ అంచుకు అడుగు దూరంలో జానెడు లోతు కాలువ తవ్వి, షీటు అంచును అందులో దించి, మట్టి పోసి, పైన రాళ్లు పేర్చండి. షీటు అంచు బయట ఎండలో కనిపించకూడదు.

గుంటకు పై వైపున ఇంకో కాలువ తప్పకుండా ఉండాలి. కొండ మీద నుంచి దొర్లుకుంటూ వచ్చే ఎర్రనీళ్లు గుంటలోకి దిగితే రెండు వానాకాలాల్లో సగం ఒండ్రు నిండిపోతుంది. ఆ నీళ్లను ఈ కాలువతో పక్కకు తప్పించి గడ్డి ఉన్న చోట వదిలేయండి. గుంట నిండాక పొర్లే చోటు కూడా ముందే మీరు నిర్ణయించాలి, ఒక మూల కాస్త దించి అక్కడి నుంచి కిందిదాకా రాళ్లు పరవాలి. మీరు దారి చూపించకపోతే నీళ్లు తమ దారి తాము చూసుకుంటాయి, అది సాధారణంగా గట్టును కోసుకునే దారే.

మరి గుంటలోకి నీళ్లు ఎక్కడివి? సగానికి పైగా నేరుగా గుంట మీద పడేవే. 20 చదరపు మీటర్ల నోరు కాబట్టి ప్రతి మిల్లీమీటరుకు 20 లీటర్లు. దీంతోనే నింపాలంటే 1,150 మిల్లీమీటర్ల వాన కావాలి, ఒక్క ఏడాది వాన తగ్గినా గుంట వెలితి. అందుకే పక్కన ఆరు రేకులతో చిన్న పాక వేసుకోమంటాను. పనిముట్లు పెట్టుకోవచ్చు, వానకు తలదాచుకోవచ్చు, రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కించాక కూడా 18 చదరపు మీటర్ల కప్పు వస్తుంది, మిల్లీమీటరుకు ఇంకో 15 లీటర్లు. రెండూ కలిపితే 650 మిల్లీమీటర్లకే గుంట నిండుతుంది, అంటే మామూలు ఏడాదైతే ఆగస్టు చివరికో సెప్టెంబరుకో. అక్టోబరు తుఫానును నమ్ముకోనక్కర్లేదు.

కప్పు అంచున నీళ్లు పట్టడానికి నిలువునా చీల్చిన వెదురు చాలు, లోపలి కణుపులు కొట్టేసి, మీటరుకు ఒక సెంటీమీటరు వాలు ఇవ్వండి. వెదురు ఒకటి రెండేళ్లు వస్తుంది, తర్వాత మార్చుకోవాలి. డబ్బులుంటే పీవీసీ పైపును సగానికి కోసి వాడండి. సీజను మొదటి వానలో రేకుల మీది దుమ్ము, పిట్టల రెట్ట, ఆకులు అన్నీ కొట్టుకొస్తాయి కాబట్టి ఆ నీళ్లను గుంటలోకి పోనివ్వకుండా గొట్టం పక్కకు తిప్పి పెట్టండి, కప్పు కడిగినట్టయ్యాక లోపలికి తిప్పండి. గొట్టం మూతికి దోమతెర ముక్క కట్టాలి. ఈ నీళ్లు తాగడానికి మాత్రం కాదు.

వానలు ఆగాక అసలు పని. మూత లేని గుంట నుంచి రోజుకు 4 మిల్లీమీటర్లు ఆవిరైనా 80 లీటర్లు పోయినట్టు, నాలుగు నెలలకు 9,600 లీటర్లు. మీరు కష్టపడి దాచిన దాంట్లో నూటికి 40 పాళ్లు ఎండ తాగేస్తుంది! వెదురు తడకలు అల్లి పైన గడ్డి పరిచి నవంబరులో మూత వేసేయండి, వానల్లో తీసి ఉంచండి. తడకలు లోపలికి కుంగకుండా అడ్డంగా మూడు నాలుగు గట్టి వెదుళ్లు ఉండాలి. మూత వల్ల నాచు పట్టదు, దోమ కూడా తగ్గుతుంది. మనది మలేరియా ప్రాంతం, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మలేరియా విభాగం వాళ్లు ఇచ్చే గంబూసియా చేపలు గుంటలో వేస్తే దోమ పిల్లలను తినేస్తాయి, కానీ వాటిని గెడ్డలోకి వదలొద్దు, అక్కడి చిన్న చేపలను బతకనివ్వవు.

కంచె గురించి గట్టిగానే చెబుతున్నాను. తడిసిన షీటు మీద కాలు నిలవదు, ఈత వచ్చిన మనిషి పడినా పట్టు దొరకదు. చుట్టూ పిల్లలు, మేకలు దూరలేనంత దగ్గరగా ముళ్లకంపో వెదురు దడో కట్టండి, తలుపుకు తాడు ముడి వేయండి. లోపలికి రెండు చోట్ల మోకు వేలాడదీసి, జానెడుకో ముడి వేసి, పై కొసను గట్టి గుంజకు కట్టండి. ఇది చేశాకే నీళ్లు నింపాలి. పాక, మూత ఆలస్యమైనా ఫర్వాలేదు, కంచె ఆలస్యం కాకూడదు.

నీళ్లు బయటకు తీయడానికి షీటుకు రంధ్రం పెట్టొద్దు. అంచు మీదుగా నల్ల పైపు వేసి లాగితే సరిపోతుంది. కింది కొసకు వాల్వు పెట్టి మూసి, పై కొస నుంచి పైపు నిండా నీళ్లు పోసి, అరచేత్తో మూతి మూసి నీళ్లలో ముంచి చెయ్యి తీయండి. కిందున్న మనిషి అప్పుడు వాల్వు తిప్పితే నీళ్లు దిగుతాయి. గుంట అంచు దాటాక పైపు దారిలో ఎక్కడా ఎగుడు రాకూడదు, మూపురం లాగా లేచిన చోట గాలి పట్టి ధార ఆగిపోతుంది. తప్పదనుకుంటే ఆ చోట మూడు మూతుల టీ అతుకు ఒకటి పెట్టి గాలి వదిలే చిన్న కుళాయి బిగించండి. లోపలి మూతిని ఖాళీ సీసాకు కట్టి, నీటి మట్టానికి అడుగు కింద వేలాడేలా చేస్తే అడుగు బురద రాదు. మూతికి జాలీ కట్టండి. ఎత్తు విషయానికొస్తే, పది మీటర్ల దిగువకు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. గొట్టంతో మొక్కకు పోయడానికి మూడు మీటర్లున్నా హాయిగా పోస్తుంది. తోట మధ్యలో మీటరు ఎత్తు దిమ్మ మీద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి గుంట నుంచి నింపుకుంటే దానికి డ్రిప్ కూడా పెట్టొచ్చు. పురుగుమందు పట్టిన డ్రమ్ము మాత్రం ఎంత కడిగినా వాడకండి.

గుంట ఒక్కటే పెట్టుకుని నేలను వదిలేస్తే లాభం లేదు. తోటలో పడిన వాన తోటలోనే ఇంకాలి. దానికి సమమట్టపు గీతలు, అంటే వాలుకు అడ్డంగా ఒకే ఎత్తులో సాగే గీతలు కావాలి, గీతలకు ఏ-ఫ్రేమ్ చాలు. మనిషి ఎత్తు కర్రలు రెండు తీసుకుని పైన కలిపి కట్టి, మధ్యలో అడ్డకర్ర బిగించి, పై ముడి నుంచి రాయి కట్టిన దారం వేలాడదీయండి. నేల మీద నిలబెట్టి దారం అడ్డకర్రను ఎక్కడ తాకిందో గీత పెట్టి, కాళ్లు అవే గుర్తుల మీద అటుదిటు మార్చి మళ్లీ గీత పెట్టండి. రెండు గీతల నడిమధ్య చోటే మట్టం. ఇక ఒక కాలు కదలకుండా ఉంచి రెండోది తిప్పుతూ, దారం ఆ నడిమి గుర్తు మీదకు వచ్చిన చోటల్లా పుల్ల గుచ్చుకుంటూ పోండి. ఆ పుల్లల వెంట అడుగున్నర వెడల్పు, అడుగు లోతు కందకాలు, రెండు మూడు మీటర్ల పొడవున ముక్కలు ముక్కలుగా తీయండి, పై వరస ఖాళీకి ఎదురుగా కింది వరస కందకం వచ్చేలా. తీసిన మట్టి కింది వైపు వేయాలి. బాగా నిటారుగా ఉన్న వాలులో తవ్వకం మానేసి అదే గీత మీద రాళ్లకట్టు పెట్టండి, అలాంటి చోట కందకంలో నిలిచిన నీళ్లే జారుడుకు కారణం అవుతాయి.

మొక్క దగ్గర కింది వైపున అర్ధచంద్రాకారంలో చిన్న గట్టు వేస్తే పోసిన రెండు లీటర్లూ అక్కడే ఇంకుతాయి. అక్టోబరు, నవంబరులో చివరి వానలయ్యాక పై మట్టిని తేలిగ్గా కదిపి, వెంటనే ఆకులు జానెడు మందాన కప్పండి. మొదలుకు మాత్రం బెత్తెడు ఎడం ఉంచాలి, ఆనుకుంటే కాండం కుళ్లుతుంది, చెదలు ఎక్కుతాయి. నన్నడిగితే, డబ్బులు ఒకదానికే ఉన్నాయంటే ముందు ఈ ఆకుల కప్పు, కందకాలు చేయండి, షీటు వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు.

గెడ్డ నుంచో ఊట నుంచో పైపు వేసుకునే వీలుంటే అది ఇంకా తేలిక, కానీ దిగువన ఆ ఊట మీద బతికే ఊరు ఉందేమో చూసుకుని, ఊళ్లో నలుగురినీ కూర్చోబెట్టి మాట్లాడాకే చేయండి. వేసవిలో వంతులు ముందే తేల్చుకోవాలి. భూమి అటవీ హక్కుల పట్టా అయినా ఉపాధి హామీ కింద గుంట, కందకాల పని అడగొచ్చు, గ్రామసభలో పనుల జాబితాలోకి ఎక్కించమని ముందే చెప్పుకోండి, తవ్వేశాక అడిగితే లెక్కలోకి రాదు.

మేలో నీళ్లు అడుగంటినప్పుడు ఒక పూట గుంటకు కేటాయించండి. ఒండ్రు చీపురుతో పోగు చేసి తట్టతో ఎత్తి మొక్కల మొదళ్లలో వేయండి, పార మాత్రం లోపలికి తేవొద్దు. షీటు ఆరాక చిల్లుల కోసం వెతికి, చుట్టూ తుడిచి, అదే షీటు ముక్కను జిగురుతో అంటించి ఒక రోజు ఆరనివ్వండి. ఎలుక కొరికిన గుర్తులు సాధారణంగా పై అంచు దగ్గర, గడ్డి కింద కనిపిస్తాయి. వెదురు దోనెలు, మోకులు, దడి చూసుకుని, మూత తీసి పాకలో పెట్టేస్తే తొలకరికి గుంట సిద్ధం.